ఏడో దశ కింది హెచ్చరిక

ఏప్రిల్ 21, సోమవారం

కొత్త పని మొదలైంది. పాత అలవాటు ప్రకారం ముందు వాస్తవాలు రాసుకుంటున్నాను.

స్థలం: విజయనగరం గంటస్తంభం వెనక వీధి, జగన్నాధం గారి ప్రెస్సు, మేడ మీద గది. పని: ప్రోగ్రామును పరీక్షించడం. ప్రోగ్రాము రాసినవాడు త్రినాథ్. పరీక్షించేవాణ్ణి నేను.

యంత్రాల కంపెనీలకు తెలుగులో వాడుక పుస్తకాలు వేయడం మా ప్రెస్సు పని. పంపుసెట్లు, నూర్పిడి యంత్రాలు, కుట్టుమిషన్లు. ఇంతకాలం నేను రాసిస్తే త్రినాథ్ కంప్యూటర్లో ఒక్కో పేజీ చేత్తో పేర్చేవాడు. పుస్తకానికి పన్నెండు రోజులు పట్టేది. ఇక మీదట నేను మామూలు ఫైలులో రాసి శీర్షికకు ఒక గుర్తు, వరుస దశలకు ఒక గుర్తు, హెచ్చరికకు ఒక గుర్తు పెడితే చాలు. వాడి ప్రోగ్రాము ఆ గుర్తులు చదివి, అచ్చు పేజీలు కట్టే భాషలోకి మార్చేస్తుంది. బొమ్మ ఉండాల్సిన చోట బొమ్మ, పెట్టెలో హెచ్చరిక, అడుగున పేజీ అంకె. పన్నెండు రోజుల పని నాలుగు నిమిషాల్లో అవుతుంది.

రెండేళ్లు ఇంట్లో కూర్చుని రాశాడట. ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.

ఏప్రిల్ 22

పరీక్ష పద్ధతి. మొత్తం నూట పన్నెండు నమూనాలు. ఒక్కో నమూనాకు రెండు ఫైళ్లు: ఇచ్చేది, రావలసినది. త్రినాథ్ ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా నూట పన్నెండూ మళ్లీ నడుస్తాయి. వచ్చినది రావలసినదానితో అక్షరం తేడా లేకుండా సరిపోతే తెర మీద ఆకుపచ్చ. తేడా ఉంటే ఎరుపు. ఎరుపు పడితే రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. తప్పయితే త్రినాథ్‌కు తిప్పి పంపాలి. కావాలని చేసిన మార్పే అయితే ‘అంగీకారం’ నొక్కాలి. నొక్కిన క్షణం నుంచి కొత్తదే రావలసినది అవుతుంది. ఎవరు నొక్కారో, ఎన్నింటికి నొక్కారో కూడా నమోదవుతుంది.

"ఎడిటరు కంటే పెద్ద పదవి బావా," అన్నాడు త్రినాథ్. "నువ్వు ఒప్పంటే రేపట్నుంచి అదే ఒప్పు. నానయినా నోరు మూసుకోవాల."

మాకు చుట్టరికం లేదు. పత్రికలో ఉన్నప్పటి నుంచి బావ అనే పిలుస్తాడు.

ఏప్రిల్ 24

మూడు తప్పులు పట్టాను. బాగుంది.

ఏప్రిల్ 25

ఐదు తప్పులు. ఐదూ సాయంత్రంలోగా సరిచేశాడు. "నువ్వు పట్టినవన్నీ గట్టివే బావా," అని మెచ్చుకున్నాడు కూడా. తప్పు పట్టినవాణ్ణి మెచ్చుకోవడం ఏ పద్ధతో అర్థం కాలేదు.

ఏప్రిల్ 29

జగన్నాధం గారు త్రినాథ్‌కు చక్రాల కుర్చీ కొన్నారు. నల్లది, తల ఆనించుకునేది. నాది ప్లాస్టిక్ కుర్చీ. నాకు నడుము నొప్పి లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

నేను ఇరవై నాలుగేళ్లు రిపోర్టరుగా చేశాను. శృంగవరపుకోటలో మొదలుపెట్టి విజయనగరం బ్యూరో దాకా వచ్చాను. త్రినాథ్ అదే పత్రికలో పేజీలు పెట్టేవాడు. మూడేళ్ల కిందట జిల్లా పేజీలు ఎత్తేశారు. ఇద్దరం ఒకే నెలలో బయటికొచ్చాం, ఒకే నెలలో ఈ ప్రెస్సులో చేరాం.

పేజీలు పెట్టేరోజుల్లో వాడికి ఒక పని ఉండేది. వార్త పేజీ దాటితే చివరి పేరా కోసేయడం. చెరకు రైతుల ధర్నా వార్తలో నేను రెండు రోజులు తిరిగి కనుక్కున్న సంగతి చివరి పేరాలో పెట్టాను. పొద్దున పేపర్లో అది లేదు. అడిగితే, "అసలు ముక్క ఆకర్ని ఎడితే కోతకే పోతాది బావా. పైన ఎట్టాల," అన్నాడు. పక్కన నలుగురు సబ్ ఎడిటర్లు ఉన్నారు. నవ్వారు.

ఇది పదహారేళ్ల కిందటి మాట. ఇవాళ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

మే 4, ఆదివారం

మా పాత పత్రికలో త్రినాథ్ ఫొటో, రెండు కాలమ్‌ల వార్త. ‘పేజీలు పేర్చిన చేతులే ప్రోగ్రాము రాశాయి.’

నేను పొద్దున్నే చూశాను. పత్రిక మడిచి కుర్చీ కింద పెట్టాను. ఎనిమిది గంటలకు మా ఆవిడ పద్మకుమారి ఊడుస్తూ తీసింది.

"ఏటండీ, త్రినాథన్నయ్య ఫొటో పడ్డాది. సూసినారా?"

"చూశాను."

"సూసీ సెప్పలేదేటి? ఎంత బాగా పడ్డాదో. సొక్కా ఇస్త్రీ సేయించుకున్నాడు."

"అందులో మూడు తప్పులున్నాయి," అన్నాను. "వాడి ఊరు కొత్తవలస కాదు, పక్క పల్లె. బీకాం పాసవలేదు, రెండో ఏడాదితో ఆపేశాడు. ప్రెస్సు పేరు కూడా తప్పు రాశారు."

"ఫొటోలో తప్పు లేదు కదా," అంది. కత్తెర తెచ్చి ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

ఇరవై నాలుగేళ్లలో ఆ పేపర్లో నా ఫొటో ఒక్కసారి పడింది. నా గుర్తింపు కార్డు పోయిందని ప్రకటన ఇచ్చినప్పుడు.

వార్తలో నా పేరు లేదు. ‘సహోద్యోగుల సహకారంతో’ అని ఒక మాట ఉంది.

మే 5, సోమవారం

త్రినాథ్ పంక్తుల మధ్య ఖాళీ సవరించాడట. నలభై ఒక్క ఎరుపులు. మొదటి ఆరు చూశాను, ఖాళీ తేడాలే. అన్నీ అంతే. అంగీకరించాను. పదకొండు గంటలకే పని అయిపోయింది.

కింద స్వీట్లు పంచారు. నేను తినలేదు. షుగరు.

మే 6

షుగరు లేదు. గత నెల పరీక్షలో మామూలుగానే వచ్చింది.

మే 13

కొత్తవలసలో యంత్రాల కంపెనీ షెడ్డుకు వెళ్లాను. ఐసు దిమ్మలను పొడి చేసే యంత్రం. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఈలోగా చింతపల్లి ఒడ్డున చేపల ఆడవాళ్ల సంఘానికి ఇస్తారు. పుస్తకం నేను రాయాలి, ప్రోగ్రాము మీద వేసే మొదటి పుస్తకం అదే. ఇది బాగా వస్తే ఇంకో ఐదు యంత్రాల పుస్తకాలు మనకే.

ఇంజనీరు వినోద్ యంత్రం నడిపి చూపించాడు. లోపల ఇనుప పళ్ల చక్రం. స్విచ్ ఆపగానే మోటారు శబ్దం ఆగిపోతుంది. చక్రం ఆగదు. బరువుకి తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు లేకుండా.

"ఎంతసేపు?" అని అడిగాను.

"కొద్దిసేపేనండీ."

‘కొద్దిసేపు’ రాసుకుని వచ్చే రిపోర్టరుని కాను. గడియారం పెట్టి నాలుగుసార్లు చూశాను. పంతొమ్మిది సెకన్లు.

మే 14

ఏడో దశ: స్విచ్ ఆపండి.

దాని కింద, కొంచెం లోపలికి జరిపి, హెచ్చరిక గుర్తుతో: మోటారు ఆగిన తరువాత కూడా పళ్ల చక్రం పంతొమ్మిది సెకన్ల పాటు తిరుగుతుంది. ముప్పై లెక్కపెట్టే వరకు పక్క మూత తీయవద్దు.

ఎనిమిదో దశ: పక్క మూత తీసి, ఇరుక్కున్న ఐసు ముక్కలను తీసివేయండి.

ఇంత కాలంలో నేను రాసిన మంచి వాక్యాల్లో ఆ హెచ్చరిక ఒకటి. విశేషణం ఒక్కటి కూడా లేదు.

మే 26, సోమవారం

ఐసు యంత్రం పుస్తకం మొత్తం ప్రోగ్రాములో నడిపారు. ముప్పై రెండు పేజీలు. అందంగా ఉంది. జగన్నాధం గారు మొదటి పేజీ చూసి, "అద్భుతం త్రినాథ్," అన్నారు. ఆయన రెండో పేజీ తిప్పరు. ఏ కాగితమైనా అంతే. ప్రెస్సులో అందరికీ తెలుసు.

నేను అన్ని పేజీలూ తిప్పాను.

పదకొండో పేజీలో ఏడో దశ ఉంది. ఎనిమిదో దశ ఉంది. మధ్యలో నా వాక్యం లేదు.

ఫైలు తెరిచి చూశాను. నేను రాసింది రాసినట్టే ఉంది. నమూనాలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ప్రోగ్రామే మింగేసింది. లోపలికి జరిపి రాసిన హెచ్చరికను, రాసేవాడు తన కోసం రాసుకున్న గమనిక అనుకుని అచ్చుకు రాకుండా వదిలేస్తోంది. మిగతా హెచ్చరికలు జరపకుండా రాసినవి కాబట్టి వచ్చాయి.

మళ్లీ నా చివరి ముక్క కోశాడు.

మార్జిన్‌లో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను. తేదీ వేశాను.

మే 27

ఇంకా చెప్పలేదు. వార్త పూర్తిగా చేతికి రాకుండా బయటపెట్టకూడదు. ఇంకెక్కడైనా ఇలా పోతోందేమో చూడాలి.

మే 29

చూశాను. ఇంకెక్కడా లేదు. ఇదొక్కటే.

జూన్ 10న చింతపల్లిలో చదివి చేయించడం ఉంది. అది నేను పెట్టిన పద్ధతి. అచ్చుకు ముందు పుస్తకాన్ని, ఆ యంత్రం వాడబోయే మనిషి చేతికే ఇస్తాం. కాగితం మీద ఉన్నది చదివి వాళ్లే చేయాలి. చుట్టూ ఉన్నవాళ్లు నోరు విప్పకూడదు, సాయం చేయకూడదు, చూడాలంతే. ఎక్కడ ఆగిపోతే అక్కడ పుస్తకంలో లోపం ఉన్నట్టు.

జగన్నాధం గారు వస్తారు. వినోద్ వస్తాడు. ఏడో దశ చదవగానే చేయి ఎత్తి ఆపి, ఇక్కడ ఒక వాక్యం ఉండాలి అని చెబుతాను. అందరి ఎదుటా తేలిపోవడమే సరైన పరీక్ష. ప్రమాదం లేదు. నేను అక్కడే ఉంటాను.

జూన్ 1

ఇంకా సమయం ఉంది.

జూన్ 3

టీ దగ్గర త్రినాథ్ అడిగాడు. "బావా, నిజం సెప్పు. ఇంకేటన్నా మిగిలిపోనాదా? నీ కన్ను దాటి ఏటీ పోదు. నువ్వు సరే అంటే నాకు నిద్ర పడతాది."

ఇంకా చూస్తున్నాను అన్నాను.

జూన్ 7

ఇంకా సమయం ఉంది. మూడు రోజులు.

పద్మకుమారి, "ఏటి రాస్తన్నారు రోజూ?" అని అడిగింది. లెక్కలు అన్నాను.

జూన్ 10, మంగళవారం

చింతపల్లి వెళ్లి వచ్చాం. సంఘం పెద్ద మరిడమ్మకు కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగాయి. ఐదు కుట్లు. ఎముకకు తగల్లేదు.

నేను వెంటనే అరిచాను.

జూన్ 11

‘వెంటనే’ అనేది వాస్తవం కాదు. ఏ విలేఖరైనా నాకు ఫోన్లో ‘వెంటనే’ అని చెబితే, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలకు అని అడిగేవాణ్ణి. మళ్లీ రాస్తున్నాను.

ఉదయం పదిన్నర. ఒడ్డున వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు. సిమెంటు దిమ్మ మీద యంత్రం. సంఘం ఆడవాళ్లు తొమ్మిది మంది. యంత్రం నడపాల్సింది మరిడమ్మ. ఆమెకు చదువు రాదు కాబట్టి భర్త గంగులు చదవాలి. జగన్నాధం గారు కుర్చీలో. త్రినాథ్ ఆయన వెనక. వినోద్ షెడ్డు బయట గోడకున్న స్విచ్‌బోర్డు దగ్గర. నేను యంత్రానికి మూడడుగుల దూరంలో, చేతిలో నా కాపీతో.

నియమం నేనే చెప్పాను. ఎవరూ మాట్లాడకూడదు.

గంగులు అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. "ఒకటి. తొట్టి మూత వేసి ఉన్నదో లేదో చూడండి."

"ఏసే ఉన్నాది. తరవాతది సదువు మావా."

"రెండు. ఐసు దిమ్మను..."

"దండకం సదివినట్టు సాగదీత్తావేటి? నువ్వు సదివీసరికి ఐసు నీరయిపోతాది."

"ఒసే, నన్ను సదవనీ. కాయితం మీద ఉన్నదే సెయ్యమన్నారు. నీ సొంత తెలివి ఎట్టకు."

"నా సొంత తెలివి ఎట్టబట్టే నీ ఇల్లు నడుస్తన్నాది."

ఆడవాళ్లు నవ్వారు. జగన్నాధం గారు కూడా నవ్వారు. ఆరో దశ దాకా అంతా బాగా జరిగింది. ఐసు పొడి తెల్లగా గంపలో పడుతోంది. జగన్నాధం గారు వెనక్కి తిరిగి త్రినాథ్ చేయి పట్టుకుని ఊపారు. నేను చూశాను. తరువాత ఆయన ఫోను తీసుకున్నారు.

"ఏడు. స్విచ్ ఆపండి."

మరిడమ్మ ఆపింది. మోటారు శబ్దం ఆగిపోయింది. సముద్రం వినిపించింది.

నా చేయి సగం లేచింది. జగన్నాధం గారు ఫోను చూసుకుంటున్నారు. ఆయన తల ఎత్తాక చెబుదామని ఆగాను.

"ఎనిమిది. పక్క మూత తీసి..."

ఆయన తల ఎత్తలేదు.

"...ఇరుక్కున్న ఐసు ముక్కలను తీసివేయండి."

మరిడమ్మ గడియ తిప్పింది. ఆయన తల ఎత్తలేదు. ఆమె మూత తీసింది. చేయి లోపలికి వెళ్లింది.

అప్పుడు అరిచాను. "చెయ్యి తియ్యమ్మా! చక్రం తిరుగుతోంది!"

నా అరుపుకే ఆమె చేయి లాక్కుంది. లేకపోతే కొనలతో పోయేది కాదు అని వినోద్ పరిగెత్తుకొచ్చి అన్నాడు. జగన్నాధం గారు నా భుజం తట్టారు. "సమయానికి చూశారు రమేష్‌బాబు గారూ. దేవుడిలా చూశారు." ఆడవాళ్లలో ఒకామె నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.

మరిడమ్మ వేళ్లకు తువ్వాలు చుడుతున్నప్పుడు నా చేతిలోని కాపీ కింద పడింది. త్రినాథ్ తీశాడు. పదకొండో పేజీ దగ్గరే తెరుచుకుంది. ఎర్ర పెన్సిలు గుర్తు, పక్కన తేదీ. చదివాడు. నా వైపు చూడకుండా పుస్తకం మూసి, ఇసుక దులిపి నా చేతికిచ్చాడు.

జీపులో తిరిగి వచ్చాం. పూసపాటిరేగ దాటాక త్రినాథ్ ఒక్క మాట అడిగాడు. "ఆమె గంపలెత్తుకుని బతికే మనిషి కదా బావా. సేతి ఏళ్లు మడవగలదంటావా?"

తెలియదు అన్నాను.

జూన్ 12

నేను ముందే వెళ్లాను. త్రినాథ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. లోపం ఎప్పుడు వచ్చిందో వెతికాడట. తెర నా వైపు తిప్పాడు.

మే 5. ఉదయం 10:52. తేడాలు నలభై ఒకటి. అన్నీ ఒకేసారి అంగీకరించినవారు: రమేష్‌బాబు.

అందులో అరవై ఏడో నమూనా ఉంది. కుట్టుమిషన్ పుస్తకంలోని పేజీ. దశ కింద లోపలికి జరిపి రాసిన హెచ్చరిక పోకూడదని త్రినాథ్ ముందే ఊహించి పెట్టిన నమూనా అది. మే 5న హెచ్చరిక పోయింది. నమూనా ఎరుపు చూపించింది. వాడు పెట్టిన కాపలా పని చేసింది. నేను నొక్కి ఆకుపచ్చ చేశాను. ఆ రోజు నుంచి హెచ్చరిక లేని పేజీయే ఒప్పు.

ఆరు చూశాను, ముప్పై అయిదు చూడలేదు. పదకొండు గంటలకే పని అయిపోయిందని రాసుకున్నాను కూడా.

"తప్పు నాది కూడా బావా," అన్నాడు. "కాళీలు సరిసేస్తూ ఆ ముక్క సెడగొట్టింది నానే. నువ్వు సూసుకోకుండా నొక్కినావు. అయిపోనాది."

"మే 26 సంగతి?" అన్నాను.

"ఏ మే 26?" అన్నాడు. తెర తన వైపు తిప్పుకున్నాడు.

వాడు అరిస్తే బాగుండేది. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

జూన్ 13

జగన్నాధం గారు ఇద్దరినీ పిలిచారు. త్రినాథ్ నిలబడే చెప్పాడు. లోపం ప్రోగ్రాముది, ప్రోగ్రాము తనది. మే 5 సంగతిలోనూ, మే 26 సంగతిలోనూ నా పేరు రాలేదు.

"రెండేళ్లు రాశావు. ఒక్క వాక్యం నిలబెట్టలేకపోయావు," అన్నారు ఆయన. "కంపెనీవాళ్లు మిగతా ఐదు పుస్తకాలూ వెనక్కి తీసుకుంటామంటున్నారు. ప్రోగ్రాము పక్కన పెట్టు. మళ్లీ చేత్తో పేర్చు." తరువాత నా వైపు తిరిగారు. "రమేష్‌బాబు గారూ, ఇక నుంచి మేడ మీద గది మీ ఆధ్వర్యంలో. మీరు లేకపోతే మొన్న ఏమయ్యేదో."

సాయంత్రం వచ్చేసరికి చక్రాల కుర్చీ నా బల్ల దగ్గర ఉంది. ఎవరు జరిపారో తెలియదు. కూర్చున్నాను.

నేను కోరుకున్నదంతా వచ్చింది. జాబితా రాసి సరిచూసుకున్నాను. ఏమీ మిగల్లేదు.

జూన్ 14, శనివారం

చింతపల్లి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. ఒడ్డంతా హడావుడిగా ఉంది. రేపు పడవలు కదులుతాయి. గంగులు పడవకు రంగు వేస్తున్నాడు.

మరిడమ్మ గుమ్మంలో కూర్చుని ఎడమ చేత్తో వల ముడి విప్పుతోంది. కుడి చేయి కట్టుతో ఒళ్లో ఉంది. అరటిపళ్లు ఇచ్చాను. తీసుకుంది.

"ఎలా ఉందమ్మా?"

"సలుపుతున్నాది బాబూ. డాక్టరు నెల దాకా తడవనివ్వద్దన్నాడు. సేపల బేరం సేసేదానికి తడవకుండా ఎలగ కుదురుతాది? ఆయనకేటి, సెప్పీసినాడు."

"పుస్తకంలో ఒక వాక్యం పోయింది. మా తప్పే."

"పొరపాటు ఎవులికైనా వస్తాది." ముడి విప్పడం ఆపింది. "ఒకటి అడుగుతాను, ఏటనుకోకు బాబూ. నాను మూత తిప్పుతున్నప్పుడు నిన్ను సూసినాను. నీ సెయ్యి ఇలగ సగం లేసి ఉన్నాది. నువ్వు నన్ను సూత్తావనుకున్నాను. నువ్వు ఆ కుర్సీలో పెద్దాయన మొకం సూస్తన్నావు. ఎందుకలగ సూసినావు?"

గంగులు రంగు డబ్బా పట్టుకుని అటు వచ్చాడు. "ఒసే, ఆయన అరవబట్టే నీ సెయ్యి మిగిలింది. ఆయన్ని నిలదీత్తావేటి?"

"నాను నిలదీయలేదు. అడిగినాను."

ఇరవై నాలుగేళ్లు మంత్రులను, కలెక్టర్లను అడిగాను. ఎవరు సూటిగా జవాబు చెప్పారో, ఎవరు మాట దాటేశారో లెక్క కట్టి రాసేవాణ్ణి. బస్సుకు వేళయిందని చెప్పి లేచాను. బస్సు గంట తరువాత ఉంది.

జూన్ 15

పాత పేజీలన్నీ చదివాను. సవరణలు.

జూన్ 3న ‘ఇంకా చూస్తున్నాను అన్నాను’ అని రాసుకున్నాను. అనలేదు. "ఏటీ లేదు, నిద్రపో," అన్నాను.

మే 29న ‘ప్రమాదం లేదు, నేను అక్కడే ఉంటాను’ అని రాసుకున్నాను. అక్కడే ఉన్నాను.

జూన్ 16, సోమవారం

ఉదయం నివేదిక రాశాను. జగన్నాధం గారికి, కాపీ కంపెనీకి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. ఐదు పేరాలు. యంత్రం సంగతి, ఏడో దశ సంగతి, మే 5 ఉదయం 10:52 సంగతి. నాలుగో పేరాలో, అరవై ఏడో నమూనా త్రినాథ్ ముందుచూపుతో పెట్టినదనీ, ప్రోగ్రాము వాడదగినదనీ, లోపం సరిచేశాక నూట పన్నెండు నమూనాలూ ఒక్కొక్కటిగా చేత్తో చూశాననీ రాశాను. నిజంగానే చూశాను. గురు, శుక్రవారాలు రెండూ పట్టాయి. నూట పదమూడోది కొత్తగా చేర్చాం. త్రినాథ్ దానికి ‘మరిడమ్మ’ అని పేరు పెట్టాడు. మంచి పేరు. నాకు తట్టలేదు.

చివరి పేరా మే 26 గురించి.

గుర్తులు పెట్టి ఫైలు త్రినాథ్‌కు ఇచ్చాను. "నీ ప్రోగ్రాములోనే వెయ్యి," అన్నాను.

"పక్కన ఎట్టీమన్నారు కదా."

"ఇదొక్కటీ వెయ్యి."

నాలుగు సెకన్లలో పేజీ వచ్చింది. చదువుకుంటూ కిందికి వెళ్లాడు. చివర ఆగాడు.

"పేజీ దాటిపోనాది బావా. నాలుగు లైన్లు రెండో పేజీలోకి పోతన్నాయి," అన్నాడు. "జగన్నాధం గారు రెండో పేజీ తిప్పరు, నీకు తెలుసు. అలగే ఉంచీ. లేదంటే సివరి పేరా తీసీనా?"

నా మొహం చూడలేదు. తెర చూస్తూనే అడిగాడు. వాడు ఇచ్చిన దారి అది. అలాంటి దారి నేను వాడికి ఎప్పుడూ ఇచ్చి ఉండేవాణ్ణి కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ క్షణంలో కూడా నాకు వాడి మీద కోపమే వచ్చింది.

జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడలేదు.

కుర్చీ జరుపుకుని కీబోర్డు తీసుకున్నాను. చివరి పేరాను ఎత్తి మొదట పెట్టాను. నివేదిక ఇప్పుడు ఇలా మొదలవుతుంది: ‘ఈ లోపం మే 26 నుంచి నాకు తెలుసు. త్రినాథ్‌ను అందరి ముందు తప్పుపట్టాలని చెప్పకుండా దాచాను. జూన్ 10న ఏడో దశ చదివాక కూడా, జగన్నాధం గారు తల ఎత్తి చూడాలని ఆగాను.’

"ఇప్పుడు కొయ్యి," అన్నాను. "ఎక్కడ కావాలంటే అక్కడ."

త్రినాథ్ మొదటి పేరా చదివాడు. మౌసు పట్టుకుని కిందికి దిగాడు. ఆఖరున మిగిలింది తన ప్రోగ్రామును నేను మెచ్చుకున్న పేరా. దాన్ని కోసేశాడు.

నివేదిక ఒక్క పేజీకి సరిపోయింది. కింద సంతకానికి జాగా కూడా మిగిలింది.

పేజీ కట్టడంలో వాడి తరువాతే ఎవరైనా. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది.